ఫారంలో ఉన్న మనిషి సాయంలో ఎందుకు లేదు?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: మే 2021

మార్చి 11న అమెరికాలో, కోవిడ్ సాయంగా జనానికి నేరుగా డబ్బు పంపే మూడో స్టిములస్ చట్టం మీద సంతకం పడింది. అప్పట్నుంచి నాకొస్తున్న ఉత్తరాలన్నీ ఒకే సంగతి మీద. మాకెందుకు రాలేదు, వాళ్లకెందుకు వచ్చింది, ఇది న్యాయమేనా అని. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ ఫారాలు వేసిపెట్టడం నా పని. ఈ ఏడాది గడువు దేశమంతటికీ మే 17కి, మా టెక్సాస్‌కి జూన్ 15కి జరిగింది కాబట్టి చేతినిండా పని ఉంది, అయినా ఈ ఉత్తరాలు పక్కన పెట్టబుద్ధి కాలేదు. పేర్లు వేయొద్దని అందరూ అడిగారు. ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మావారు హెచ్1బీ మీద పనిచేస్తారు, జీతం 78 వేల డాలర్లు. నేను హెచ్4, ఆయన మీద ఆధారపడి వచ్చిన వీసా. నాకు పన్ను ఫారం కోసం ఇచ్చే ఐటిన్ నంబరు మాత్రమే ఉంది. పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా ఎదురింటివాళ్లకి 2,900 డాలర్లు వచ్చాయి. ఆవిడది కూడా హెచ్4, జీతాలూ ఇంచుమించు ఒకటే. మాకు సున్నా. మా పాప ప్లానోలో పుట్టింది, అమెరికా పౌరురాలు. దానికి రావలసిన 500 కూడా రాలేదు. నావల్లే పాపకి పోయిందని మా అత్తగారు ఫోన్‌లో అన్న మాట ఇంకా గుచ్చుకుంటోంది. ఇప్పుడైనా ఏమైనా వస్తుందా? మా 2020 ఫారం ఇంకా వేయలేదు.
(ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి చెప్తాను. మీకు రావలసింది ఉంది. మీరు వేయబోయే పన్ను ఫారం, అంటే 1040లో 30వ లైను చూడండి. దాని పేరు రికవరీ రిబేట్ క్రెడిట్. మొదటి విడత కింద మీవారికి 1,200, పాపకి 500. రెండో విడత కింద ఇద్దరికీ చెరో 600. మొత్తం 2,900 డాలర్లు అక్కడ రాసుకోవచ్చు. మూడో విడతలో మీవారికి 1,400, పాపకి 1,400 విడిగా ఖాతాలో పడాలి. పడకపోతే వచ్చే ఏడాది వేసే 2021 ఫారంలో అడగొచ్చు. మీ వాటా మాత్రం ఈ మూడింట్లో ఏ ఒక్కదాంట్లోనూ రాదు.

ఇక మీ అత్తగారన్న మాట. పాపకి పోయింది మీవల్ల కాదు, చట్టంలో ఒక నిబంధన వల్ల.

మొదటి విడత ఇచ్చింది 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టం. అందులో, భార్యాభర్తలు కలిపి ఫారం వేస్తే ఇద్దరికీ పని చేయడానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలన్నారు. ఒకరికి ఐటిన్ ఉంటే ఆ ఒక్కరి వాటా తీసేసి ఊరుకోలేదు, ఇంటిల్లిపాదినీ తీసేశారు. ఇక్కడే పుట్టిన పిల్లలతో సహా. సైన్యంలో పనిచేసేవాళ్ల ఇళ్లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంటే, ఇలా కుటుంబం మొత్తానికీ దెబ్బ తగులుతుందని రాసినవాళ్లకి తెలుసు. డిసెంబరు 27న వచ్చిన రెండో విడత చట్టంలో దీన్ని వెనక్కి వెళ్లి సరిచేశారు. అందుకే ఇప్పుడు మీ 30వ లైనులో ఆ అంకె రాయగలుగుతున్నాం. అప్పటికి తొమ్మిది నెలలు గడిచిపోయాయి.

తెలియని పాఠకుల కోసం ఒక మాట. ఐటిన్ అంటే సోషల్ సెక్యూరిటీ నంబరు రానివాళ్లు పన్ను ఫారం వేసుకోవడానికి 1996 నుంచి ఇస్తున్న నంబరు. దాంతో ఉద్యోగం చేసే హక్కు రాదు. హెచ్4 మీద వచ్చిన మన ఆడపిల్లలకి చాలామందికి ఇదే దిక్కు. మీ ఎదురింటావిడ భర్తకి గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తుకి ఆమోదం వచ్చి ఉంటుంది. 2015 నుంచి అలాంటివాళ్ల భార్యలకి పని చేసుకునే అనుమతి, ఈఏడీ, దొరుకుతోంది. దాంతోపాటు సోషల్ సెక్యూరిటీ నంబరూ వస్తుంది. ఆవిడ ఒక్కరోజు కూడా ఉద్యోగం చేసి ఉండకపోవచ్చు. అయినా నంబరుంది కాబట్టి ఆ ఇంటికి 2,900 వచ్చింది. రెండిళ్లకీ తేడా ఆ కాగితం ఒక్కటే.

పన్ను దగ్గర మాత్రం తేడా లేదు. 78 వేల జీతానికి మీ 2019 లెక్క వేసి చూశాను. భార్యాభర్తలకి కలిపి పన్ను వేయకుండా వదిలేసే 24,400, అంటే స్టాండర్డ్ డిడక్షన్, పోతే మిగిలింది 53,600. దాని మీద పన్ను 6,044. పాప పేరున 2,000 తగ్గితే 4,044. ఇది కాక సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద జీతంలో కోసుకున్నది 7.65 శాతం, అంటే 5,967. అంతే జీతం, అంతే సంసారం ఉంటే ఎదురింటివాళ్లకీ డాలరు తేడా లేకుండా ఇదే లెక్క. ఐటిన్ ఉన్న భార్యని కూడా ఆ ఫారం భార్యగానే లెక్కపెట్టింది. డిడక్షన్‌లో ఉన్న మనిషి సాయం దగ్గరికి వచ్చేసరికి లేకుండా ఎలా పోయింది? నా బాధంతా ఇదే.

మూడు విడతలూ కలిపితే ఎదురింటివాళ్లకి 8,900, మీకు 5,700. తేడా 3,200. అది అచ్చంగా మీ ఒక్కరి వాటా.

2020 ఏప్రిల్ నెలాఖరుకి చనిపోయినవాళ్ల పేర్ల మీద దాదాపు 11 లక్షల చెల్లింపులు, దగ్గర దగ్గర 140 కోట్ల డాలర్లు వెళ్లాయని ప్రభుత్వ ఆడిట్ సంస్థే ఆ జూన్‌లో లెక్క చెప్పింది. హడావుడిలో తప్పులు జరుగుతాయి, నేను కాదనను. కానీ మీ పాప విషయంలో జరిగింది హడావుడి తప్పు కాదు. తెలిసి రాసిన వాక్యం.

తెలిసి రాశారని ఎందుకంటున్నానంటే, ఆ వాక్యాన్ని నేను ఇదివరకే చదివాను. 2006లో తెనాలి నుంచి న్యూజెర్సీకి హెచ్4 మీద వచ్చాను. డబ్ల్యూ-7 ఫారం నింపి, పాస్‌పోర్టు నకలుకి నోటరీ చేయించి ఐటిన్ తెచ్చుకున్నాను. అప్పట్లో నోటరీ నకలు సరిపోయేది. ఇప్పుడు అసలు పాస్‌పోర్టే పోస్టులో పంపాలంటే ఎంత టెన్షనో మీకు తెలుసు. 2007 జనవరిలో మా బాబు పుట్టాడు. 2008 ఫిబ్రవరిలో ఆర్థిక మాంద్యం సాయమని చట్టం తెచ్చారు. భార్యాభర్తలకి 1,200, బిడ్డకి 300. ఆ 1,500తో మా అమ్మకి టికెట్ కొని మనవణ్ణి చూపిద్దామనుకున్నాం. మే పోయింది, జూన్ పోయింది, రాలేదు. ఒక రాత్రి వంటింటి బల్ల మీద ఫారం తాలూకు పుస్తకం పెట్టుకుని వరసగా చదివితే దొరికింది. కలిపి ఫారం వేసినవాళ్లలో ఒకరిది ఐటిన్ అయితే ఎవరికీ రాదని. నేను పన్నుల చదువు మొదలుపెట్టింది ఆ రాత్రే. పన్నెండేళ్ల తర్వాత కేర్స్ చట్టం చదువుతుంటే అదే నిబంధన మళ్లీ కనబడింది. బల్ల మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇది మీ ఉత్తరంలో లేదు గానీ చాలా ఉత్తరాల్లో ఉంది. "మేం వీసా మీద పద్ధతిగా వచ్చినవాళ్లం, కాగితాలు లేనివాళ్లతో మమ్మల్ని కలిపేశారు" అని. ఈ నిబంధన కాగితాలు లేనివాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసిందే, అందులో మనం చిక్కుకున్నాం, నిజమే. కానీ ఐటిన్‌తో నా దగ్గరికి ఫారం వేయించుకోవడానికి వచ్చే మెక్సికో దంపతులున్నారు. ఆయన ఇళ్ల కప్పులు వేస్తాడు, ఆవిడ కోళ్ల ఫ్యాక్టరీలో మాంసం కోస్తుంది. 2020 ఏప్రిల్‌లో మనమంతా ఇంట్లో కూర్చుంటే ఆవిడ రోజూ పనికి వెళ్లింది. కోవిడ్ కూడా వచ్చింది. ప్రతి ఏడాదీ పన్ను కడతారు. వాళ్లని వదిలేసి మమ్మల్ని మాత్రం చేర్చండని అడగడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: ఈ స్టిములస్ డబ్బు ఆదాయం కింద లెక్కా? ఎక్కువ వచ్చి ఉంటే తిరిగి కట్టాలా?
(హ్యూస్టన్)

జవాబు: ఆదాయం కాదు, దీని మీద పన్ను లేదు. 2018 లేదా 2019 లెక్క చూసి మీకు పంపారు. 2020 లెక్క ప్రకారం తక్కువ వచ్చి ఉంటే మిగతాది ఇస్తారు. 2020లో మీ ఆదాయం పెరిగి ఉంటే మాత్రం వెనక్కి అడగరు. డబ్బుతోపాటు వచ్చిన నోటీసు 1444 ఉత్తరాలు పారేయకండి. ఎంత వచ్చిందో సరిగ్గా గుర్తులేక 30వ లైనులో తప్పు రాసి, రిఫండ్ ఆగిపోయినవాళ్లు నా దగ్గరే చాలామంది ఉన్నారు.

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాం. ఇద్దరి ఆదాయం కలిపి 2.10 లక్షల డాలర్లు. పోయిన ఏడాది ఫెడరల్ పన్నే 32 వేలు దాటింది. స్టిములస్ మూడుసార్లూ సున్నా. మా అబ్బాయికి 18, కాలేజీలో ఉన్నాడు, వాడికీ ఏమీ లేదు. పనికి వెళ్లకుండా ఇంట్లో కూర్చున్నవాళ్లకి వారానికి 600 ఇచ్చారు. కట్టేది మేం, తీసుకునేది వాళ్లు. దీన్ని న్యాయమంటారా?
(ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో సగం కోపం సరైనదే, సగం తప్పు మనుషుల మీద ఉంది.

పనికి వెళ్లకుండా కూర్చున్నవాళ్లు అన్నారు. 2020 ఏప్రిల్‌లో వాళ్లు పని మానలేదు, పనే వాళ్లని మానేసింది. హోటళ్లు మూశారు, ఎయిర్‌పోర్టులో దుకాణాలు మూశారు, సినిమా హాళ్లు మూశారు. మూయమన్నది ప్రభుత్వం. అందరి ఆరోగ్యం కోసం కొందరి జీతం ఆపినప్పుడు, ఆ కొందరిని పోషించడం మిగతా అందరి బాధ్యత. మనం ల్యాప్‌టాప్ తెరిచి ఇంట్లోంచే జీతం తెచ్చుకున్నాం. ఆ ఏడాదిలో మన ఖర్చు తగ్గింది కూడా. పైగా ఆ సాయం మీ 32 వేలలోంచి తీసి ఇచ్చింది కాదు. 2020 ఆర్థిక సంవత్సరంలో ప్రభుత్వం 3.1 లక్షల కోట్ల డాలర్ల లోటు చేసింది, అంటే అప్పు తెచ్చింది. ఆ అప్పు రేపు మీరూ తీరుస్తారు, ఆ హోటల్ వెయిటరూ తీరుస్తాడు.

ఇక మీ మాటలో న్యాయమున్న చోటుకి వస్తాను. 18 ఏళ్ల పిల్లవాడి సంగతి. మొదటి రెండు విడతల్లో 17 నిండని పిల్లలకే ఇచ్చారు. తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ కాలేజీ పిల్లలకి ఇటు పిల్లల వాటా లేదు, అటు పెద్దల వాటా లేదు. కొడుకు దగ్గర ఉంటున్న వృద్ధులకీ అంతే. మూడో విడతలో వయసుతో పని లేకుండా ఆధారపడ్డ ప్రతి ఒక్కరికీ 1,400 పెట్టారు. అయితే ఈసారి లక్షా 50 వేల దగ్గర తగ్గడం మొదలై లక్షా 60 వేలకే మొత్తం ఆగిపోయింది. మీ ఆదాయానికి అది అందదు. నా మట్టుకు నేను ఆ హద్దు సరైనదే అంటాను. హద్దు దేశమంతటికీ ఒకటే ఉండటం మాత్రం సరైంది కాదు. ఎడిసన్‌లో ఇంటి అద్దె, మిసిసిపీలో ఇంటి అద్దె ఒకటేనా? పైగా ఒక్కరికి 75 వేలు, ఇద్దరికి లక్షా 50 వేలు అన్న అంకెలు 2008 చట్టంలోవే. పన్నెండేళ్లలో పాలు, పెట్రోలు, ఫీజులు అన్నీ పెరిగాయి, ఆ అంకెలు కదల్లేదు.

పాత ఏడాది ఫారం చూసి ఇవ్వడంలోనూ లోపముంది. నా దగ్గరికి వచ్చే ఒక జంట ఆదాయం లక్షా 40 వేలు. ఒక్క రోజు జీతం కూడా పోలేదు, వాళ్లకి 2,400 పడింది. ఇంకొకాయన 2019లో లక్షా 5 వేలు సంపాదించాడు, పెళ్లికాలేదు. మార్చిలో ఉద్యోగం పోయింది. అప్పుడు ఒక్క డాలరు రాలేదు. ఈ ఏడాది ఫారం వేశాక వస్తోంది. కష్టం వచ్చింది 2020 ఏప్రిల్‌లో, సాయం వచ్చేది 2021 ఏప్రిల్‌లో. మధ్యలో క్రెడిట్ కార్డు వడ్డీ ఎవరు కడతారు?

కానీ తమ్ముడూ, అసలు కోపం తెచ్చుకోవలసిన చోటు మీ కింద లేదు, పైన ఉంది. అదే కేర్స్ చట్టంలో ఇంకో నిబంధన ఉంది. వ్యాపార నష్టాన్ని చూపించి మిగతా ఆదాయం మీద పన్ను తగ్గించుకోవడానికి 2018 నుంచి ఒక హద్దు ఉండేది, దంపతులకి 5 లక్షల డాలర్లు. ఆ హద్దుని 2018 నుంచి 2020 దాకా ఎత్తేశారు. 2018 లెక్క తిరగరాస్తే కోవిడ్ బాధితులకి ఏం ఒరుగుతుందో నాకు అర్థం కాలేదు. కాంగ్రెస్ సంయుక్త పన్నుల కమిటీ లెక్క ప్రకారం ఆ లాభంలో 82 శాతం, ఏడాదికి పది లక్షల డాలర్లు దాటినవాళ్లకే 2020లో వెళ్తుంది. వాళ్లు సుమారు 43 వేలమంది. దీని గురించి మన తెలుగువాళ్ల విందుల్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. 600 డాలర్ల వెయిటర్ గురించి మాత్రం ప్రతి విందులో విన్నాను.

పీపీపీ అప్పులు కూడా ఉన్నాయి. ఉద్యోగుల్ని తీసేయకుండా ఉంచిన వ్యాపారాలకి మాఫీ అయ్యే అప్పు. మొదటి 34,900 కోట్ల డాలర్లు 13 రోజుల్లో అయిపోయాయి. మా వీధి చివర సరుకుల కొట్టాయన ఆ అప్పుతోనే నలుగురికి జీతాలిచ్చాడు, మంచి పథకమే. మాఫీ అయిన అప్పు మీద పన్ను లేదు. డిసెంబరు నుంచి ఆ డబ్బుతో పెట్టిన ఖర్చుని కూడా పన్నులో తగ్గించుకోవచ్చన్నారు. యజమానికి రెండు చేతులా ఇచ్చారు. ఉద్యోగం పోయినవాడి సంగతేమిటో ఈ కింది ఉత్తరం చూడండి.

ప్రశ్న: ఎయిర్‌పోర్టులో దుకాణంలో పనిచేసేవాణ్ణి. 2020 ఏప్రిల్‌లో తీసేశారు. ఆ ఏడాది నా జీతం 9 వేలు, నిరుద్యోగ భృతి 19 వేలు. మా ఆవిడ జీతం 20 వేలు. భృతిలో పన్ను కోయించుకోలేదు, కోయించుకోవాలని తెలియదు. ఫిబ్రవరిలో ఫారం వేస్తే భృతి మీద కూడా పన్ను పడింది, అప్పు చేసి కట్టాను. ఇప్పుడేమో 10,200 దాకా పన్ను లేదంటున్నారు. మళ్లీ ఫారం వేయాలా? వయసు 52, గ్రీన్ కార్డు.
(ఇర్వింగ్)

జవాబు: అన్నయ్యగారూ, మళ్లీ వేయక్కర్లేదు. మీ ఫారం వెళ్లాక, మార్చిలో చట్టం మారింది. ముందే వేసినవాళ్ల లెక్క తామే సరిచేసి, మే నుంచి డబ్బు పంపుతామని పన్నుల శాఖ ఐఆర్ఎస్ మార్చి 31న ప్రకటించింది. మీ అంకెలతో వేస్తే పన్ను 2,389 నుంచి 1,300కి తగ్గుతుంది. అంటే 1,089 డాలర్లు మీకు వెనక్కి రావాలి. టెక్సాస్‌లో రాష్ట్ర పన్ను లేదు కాబట్టి ఇక ఆ గొడవ లేదు.

10,200 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. మామూలు నిరుద్యోగ భృతికి అదనంగా వారానికి 600 చొప్పున 2020 ఏప్రిల్ నుంచి జులై దాకా 17 వారాలు ఇచ్చారు. 17 ఆరువందలు 10,200. అంటే అదనంగా ఇచ్చిన సాయం మీద పన్ను వేయకూడదని ఏడాది తర్వాత ఒప్పుకున్నట్టే. ఇందులోనూ ఒక గట్టు పెట్టారు. ఆదాయం లక్షా 50 వేలకి ఒక్క డాలరు తక్కువుంటే మొత్తం 10,200కి మినహాయింపు, లక్షా 50 వేలు తాకితే అసలే లేదు. స్టిములస్ అయితే హద్దు దాటాక కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఇక్కడ మాత్రం మెట్లు లేవు.

ఒక యజమానికి అప్పు మాఫీ అయిన రోజే పన్ను లేదు. మీకు అప్పు చేసి కట్టాక వెనక్కి వస్తోంది. ఆ అప్పు మీద మీరు కట్టిన వడ్డీ ఏ ఫారంలోనూ తగ్గదు, క్షమించండి. ఈసారి ఎప్పుడైనా భృతి తీసుకోవలసి వస్తే డబ్ల్యూ-4వీ అనే ఫారం ఇస్తే 10 శాతం ముందే కోస్తారు. అలాంటి అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను. మళ్లీ పని దొరికిందా లేదా రాయలేదు, ఆ కబురు తెలపండి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయి వాళ్లకి, మనవలకి కూడా ప్రభుత్వం డబ్బిచ్చిందట. నేను 76 ఏళ్ల రిటైర్డ్ టీచర్ని. మాకు 2020 మార్చి పెన్షన్ సగమే వచ్చింది. ఆదాయపు పన్ను మాత్రం ఎప్పటిలాగే. రెండు దేశాలకీ ఇంత తేడా ఎందుకు?
(రాజమహేంద్రవరం)

జవాబు: మాస్టారూ, నమస్కారం. అమెరికాలో పెన్షన్లు ముట్టుకోలేదు. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ తీసుకునేవాళ్లకి అది కాక 1,200 ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో జీతాలు, పెన్షన్లు సగం ఆపిన మాట నిజం. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జీతం, పెన్షన్ ఉద్యోగి హక్కు అని, ఆపిన సొమ్ము మీద 6 శాతం వడ్డీ ఇవ్వాలని ఈ ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. మీకు వడ్డీ పడిందో లేదో పాస్‌బుక్ చూసుకోండి.

భారత్ ఇంకో దారిలో వెళ్లింది. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు మన దేశంలో కొద్దిమందే. పన్ను ఫారం చూసి సాయం చేస్తే నిజంగా అవసరమున్నవాళ్లకి అందదు. అందుకే జన్‌ధన్ ఖాతాలున్న ఆడవాళ్లకి నెలకి 500 చొప్పున మూడు నెలలు, మనిషికి 5 కిలోల బియ్యమో గోధుమలో ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఇచ్చారు. రాష్ట్రంలో బియ్యం కార్డుకి వెయ్యి రూపాయలు ఇచ్చారు. బియ్యం పంపిణీని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. 500 రూపాయలు మాత్రం తెనాలిలో గ్యాస్ బండకి కూడా చాలవు.

మీలాంటి పెన్షనర్లకి పన్నులో ఊరట ఇవ్వలేదు. ఈ ఫిబ్రవరి బడ్జెట్‌లో 75 ఏళ్లు దాటి, పెన్షనూ అదే బ్యాంకులో వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివాళ్లు ఫారం వేయక్కర్లేదన్నారు. ఇది ఫారం నుంచి మినహాయింపు, పన్ను నుంచి కాదు. బ్యాంకే కోసుకుంటుంది. చాలామంది పెద్దవాళ్లు పన్నే లేదనుకుంటున్నారు, మీ తోటివాళ్లకి చెప్పండి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది పెట్రోలు. 2020 మేలో కేంద్రం ఎక్సైజు సుంకం పెట్రోలు మీద లీటరుకి 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు పెంచింది. మొత్తం సుంకం పెట్రోలుకి 32.98, డీజిలుకి 31.83 అయింది. అప్పుడు ప్రపంచంలో చమురు ధర అట్టడుగున ఉంది. ఆ తగ్గుదల జనానికి వదిలితే అదే పెద్ద సాయమయ్యేది. మీరు పెన్షన్ మీద కట్టే పన్ను మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. గోదావరి గట్టు మీద ఆటో తోలే అబ్బాయి కట్టే సుంకానికి అతని ఆదాయంతో పని లేదు. లాక్‌డౌన్‌లో బేరాల్లేని రోజు కూడా లీటరుకి అంతే.

ఈ జవాబు రాస్తుండగానే ఊరి నుంచి మూడు ఫోన్లు వచ్చాయి, మూడూ ఆక్సిజన్ బెడ్డు కోసమే. జాగ్రత్తగా ఉండండి మాస్టారూ. ఆ పాస్‌బుక్ ఎంట్రీ కోసం మీరు బ్యాంకుకి వెళ్లకండి, ఎవరైనా కుర్రాళ్లని పంపండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ రెండో ఏడాది చదువుతున్నాడు. క్యాంపస్‌లో క్యాంటీన్ ఉద్యోగం పోయిన ఏడాది మార్చిలో పోయింది. వాడి రూమ్మేట్‌కి, వాడూ స్టూడెంటే, 1,200 డాలర్లు వచ్చాయట. మావాడికి రాలేదు. మావాడు ఫారం తప్పుగా నింపాడా? ఇప్పుడు అడిగితే ఇస్తారా?
(తెనాలి)

జవాబు: అక్కా, మీది మా ఊరని చూసి ఈ ఉత్తరం ముందే చదివాను. మీవాడు సరిగ్గా నింపాడు. తప్పు జరిగింది రూమ్మేట్ ఫారంలో.

స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లు. వాళ్లు వేయాల్సింది 1040-ఎన్ఆర్ ఫారం. వాళ్లకి స్టిములస్ లేదు. తేలిగ్గా దొరికే సాఫ్ట్‌వేర్‌తో మామూలు 1040 వేసేస్తే, కంప్యూటర్ వాళ్లని రెసిడెంట్ అనుకుని డబ్బు పంపేసింది. ఇలా చాలామంది పిల్లలకి జరిగింది. ఆ అబ్బాయికి మీవాడి చేత చెప్పించండి. 1040-ఎక్స్ తో ఫారం సరిచేసుకుని డబ్బు వెనక్కి పంపాలి. చెక్కు మార్చుకోకుండా ఉంటే వెనకవైపు సంతకం చోట వాయిడ్ అని రాసి ఐఆర్ఎస్‌కి పోస్టు చేయాలి. ఖాతాలో పడి ఉంటే అంత మొత్తానికి చెక్కు పంపాలి. రేపు గ్రీన్ కార్డుకి వెళ్లినప్పుడు పాత ఫారాలు అడగొచ్చు, అప్పుడు ఇది గొంతుకి అడ్డం పడకూడదు.

మీవాడు 1040-ఎన్ఆర్ లో ఒకటి చూసుకోవాలి. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 21వ అధికరణం కింద మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, 2020కి 12,400. చాలా దేశాల పిల్లలకి ఇది లేదు. దాంతో క్యాంటీన్ జీతంలో కోసిన ఫెడరల్ పన్ను మొత్తం వెనక్కి రావచ్చు. స్టిములస్ రాకపోయినా ఇది వాడి సొంత డబ్బు.

న్యాయం సంగతి మీరు అడగలేదు, అయినా చెప్తాను. తాత్కాలికంగా వచ్చినవాళ్లకి సాయం ఉండదన్నది మామూలు రోజుల్లో సబబైన నియమమే, కష్టమొస్తే ఇంటికి వెళ్లిపోవచ్చు కాబట్టి. కానీ 2020 మార్చి చివర్లో ఇండియాకి విమానాలే ఆగిపోయాయి. చిక్కుకుపోయినవాళ్లని ఇంటికి చేర్చే వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. వీసా నిబంధనల ప్రకారం క్యాంపస్ బయట పని చేయకూడదు, క్యాంపస్‌లో పని లేదు. ఇంటికి వెళ్లలేడు, పని చేయలేడు, సాయం రాదు. ఆ రెండు నెలలు ఈ పిల్లల్ని ఏ చట్టమూ తలుచుకోలేదు. మా చుట్టుపక్కల తెలుగువాళ్లు వంతులేసుకుని భోజనాలు చేరవేశారు. మేమూ శనివారాలు పులిహోర, పప్పు చేసి పంపేవాళ్లం. ఒక అబ్బాయి రెండు పూటలకి ఇచ్చిన డబ్బాని మూడు రోజులు తిన్నానని తర్వాత చెప్పాడు. ముందే చెబితే రోజూ పంపేవాళ్లం కదా అంటే, మొహమాటమేసిందన్నాడు.

మీవాడిని ఫోన్‌లో ఫారం సంగతి అడిగినప్పుడు, పోయిన ఏడాది ఏప్రిల్, మే నెలలు ఎలా గడిచాయో కూడా అడగండి. ఎవరి దగ్గరైనా అప్పు చేసి ఉంటే రిఫండ్ రాగానే ముందు అది తీర్చమనండి.